నీలం అట్ట పుస్తకం

వరండాలోంచి అత్తగారి నవ్వు వినబడగానే సుమలత చేతిలో బెండకాయ సగం కోసి అలాగే ఉండిపోయింది.

నవ్వితే తప్పేముంది అంటారా? తప్పు లేదు. ఆరేళ్ళ క్రితం మావగారు ఏలీయా పోయాక ఆ ఇంట్లో లీలావతి గారి నవ్వు వినబడడమే గగనమైంది. కానీ ఇప్పుడు ఆ నవ్వు ఏ పేజీ దగ్గర వచ్చిందో సుమలతకి తెలుసు. ముసలి పడవవాడు మనవడికి ఈత నేర్పబోయి, తనే పంచె ఊడి దబ్బున నీళ్ళలో పడే చోటు. జూన్‌లోనూ ఆవిడ అక్కడే నవ్వారు. జూలైలోనూ అక్కడే నవ్వారు, పైగా వంటింట్లోకి వచ్చి మరీ చదివి వినిపించారు. ఇది ఆగస్టు.

"సుమా! ఓసారి ఇలా రా. ఈ ముసలాడు ఏం చేశాడో చూడు!"

చేతులు కొంగుకి తుడుచుకుంటూ సుమలత వెళ్ళింది. లీలావతి గారు కళ్ళజోడు సర్దుకుని, బడిలో పాఠం చదివినట్టు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ ఆ పేజీ అంతా చదివారు. సుమలత నవ్వింది. ఒకే మాటకి మూడోసారి, మొదటిసారి విన్నట్టు నవ్వడం ఎంత కష్టమో పగవాళ్ళకి కూడా తెలియకూడదు.

"కొత్త పుస్తకమా అత్తయ్యా?" అని అడిగింది.

"కొత్తదే మరి! బీరువాలో ఉంది, నేనెప్పుడు కొన్నానో ఏమో. ఎంత బాగా రాశాడనుకున్నావు! ఈ నెల మీటింగులో దీని గురించే చెప్తాను."

నీలం అట్ట పుస్తకం అది. పేరుతో మనకి పనిలేదు. కోనేరు సెంటర్లో పాత పుస్తకాలమ్మే కొట్లో జూన్ మొదటి వారంలో ఆవిడే బేరమాడి కొన్నారు. సుమలత పక్కనే ఉంది.

లీలావతి గారు ముప్పై నాలుగేళ్ళు తెలుగు టీచరు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, దివిసీమలో ఆవిడ పని చెయ్యని ఊరు తక్కువ. రిటైరయ్యాక బందరు ఈడేపల్లిలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. భర్త పోయాక ఆవిడకి మిగిలిన సందడల్లా ఫోన్లో నడిచే పుస్తకాల క్లబ్బు. కరోనా రోజుల్లో గుడివాడ భాస్కరరావు గారు మొదలుపెట్టారు దాన్ని. హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి, క్లబ్బుని కూడా ఆఫీసులాగే నడుపుతారు. పద్నాలుగు మంది సభ్యులు. నెలాఖరు ఆదివారం సాయంత్రం నాలుగింటికి అందరూ ఫోన్లలో కలుసుకుని, ఆ నెల చదివిన పుస్తకం తమకేమనిపించిందో ఒక్కొక్కరూ అయిదు నిమిషాలు చెప్పాలి. మూడే మూడు రూల్సు. అయిదు నిమిషాలు దాటకూడదు. కథ ముగింపు చెప్పేసి మిగతావాళ్ళ సరదా పాడు చెయ్యకూడదు. ఒకసారి చెప్పిన పుస్తకం మళ్ళీ చెప్పకూడదు.

ఈ మూడో రూలు దగ్గరే వచ్చింది చిక్కంతా.

జూలై మీటింగులో ఆవిడ మళ్ళీ అదే నీలం అట్ట పుస్తకం ఎత్తుకున్నప్పుడు, ఫోను పట్టుకుని పక్కన కూర్చున్నది సుమలతే. ఫోన్ తెర మీద గళ్ళు గళ్ళుగా ఉన్న ముఖాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. ఇంకెవరో ఇంకోటి పెట్టారు. పెద్దావిడకి చత్వారం కనుక అవేవీ కనబడలేదు. సుమలతకి మాత్రం అన్నీ కనబడ్డాయి.

ఆవిడకి ఇంకో అలవాటుంది. చదవడం పూర్తయిన ప్రతి పుస్తకం చివరి పేజీ అడుగున ఎర్ర సిరాతో తేదీ వేసి, 'చదివాను' అని రాసి సంతకం పెడతారు. ముప్పై నాలుగేళ్ళు కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. పోయిన సోమవారం బీరువా దుమ్ము దులుపుతూ సుమలత ఆ పుస్తకం తిరగేసింది. చివరి పేజీలో ఒకదాని కింద ఒకటి రెండు తేదీలు, రెండు సంతకాలు. గుర్తు కోసం పెట్టిన రిబ్బను ముక్కేమో మళ్ళీ పుస్తకం మధ్యకి వచ్చి ఉంది. అంటే నాలుగైదు రోజుల్లో అత్తగారు ఆ పేజీకి చేరతారు. తన రాత తనే చూసుకుంటారు.

సుమలత ఇంకేం ఆలోచించలేదు. ఇంటి ముందు గదిలో ఆమె కుట్టు మిషను ఉంది, వీధిలో సగం ఆడవాళ్ళ జాకెట్లు అక్కడే కుడుతుంది. కుట్లు విప్పే బ్లేడు తీసి, చివరి కాగితాన్ని పైనుంచి కిందికి ఒక్క గీతలో కోసేసింది. మడత పెట్టి బొత్తాల డబ్బాలో అడుగున దాచేసింది. ఆ రాత్రి భర్తకి మాత్రం చెప్పింది. దాని మీద ఏం రాసుందో ఒక్క వాక్యం కూడా చదవలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె పుస్తకం పట్టింది లేదు. పామర్రు దగ్గర పల్లెటూళ్ళో టెన్త్‌తో చదువాపేసిన పిల్ల. ఆ మాట అత్తగారు నోటితో ఎప్పుడూ అనలేదు గానీ, అనకుండానే చాలాసార్లు అన్నారు.

*

"ఇడ్లీ చల్లారిపోతోందండీ," అంది సుమలత, లోపలికి వచ్చి.

భర్త శామ్యూల్ రాజ్ తింటున్నట్టే ఉన్నాడు గానీ తినడం లేదు. గుడివాడలో గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. రోజూ పామర్రు మీదుగా బస్సులో పోయి వస్తాడు.

"మళ్ళీ అదే చదువుతోందా?" అన్నాడు, వరండా వైపు చూడకుండా.

"అదేనండీ."

"నిన్న లంచ్ టైములో ఆత్రేయ ఏమన్నాడో తెలుసా? వాళ్ళావిడ నాగశ్రీ కూడా ఆ గ్రూపులో ఉంది కదా. 'ఏంటి గురూ, మీ అమ్మగారు ఇంకా ఆ పడవ దిగలేదా' అన్నాడు. టేబులంతా గొల్లుమంది. నేనూ నవ్వాను."

"మీరూ నవ్వారా?"

"ఏం చెయ్యమంటావు? మా అమ్మ బుర్ర పని చెయ్యడం లేదని అక్కడే చెప్పనా?" శామ్యూల్ రాజ్ కంచం జరిపేశాడు. "ఇవాళే భాస్కరరావు గారికి ఫోన్ చేస్తాను. ఒంట్లో బాగాలేదని చెప్పి పేరు తీయించేస్తాను."

"ఆవిడకి మిగిలింది అదొక్కటే కదండీ! నెలంతా ఆ ఆదివారం కోసమే చూస్తారు."

"ఆ పేరు కూడా ఒక్కటే మిగిలింది సుమా. లీలావతి టీచరంటే అవనిగడ్డలో ఇప్పటికీ లేచి నిలబడేవాళ్ళున్నారు. పద్నాలుగు మంది ముందు నవ్వులపాలవుతుంటే నేను చూడలేను."

"పోనీ డాక్టరుకి చూపిద్దామండీ. రెండు నెలల్నుంచీ చెప్తున్నాను."

"చూపిస్తే ఏదో పేరు చెప్తాడు. ఆ పేరు వినే ధైర్యం నాకు లేదు." సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గేటు దాటేటప్పుడు, "వస్తానమ్మా," అని ఎప్పటిలాగే అన్నాడు. లీలావతి గారు పుస్తకంలోంచి తలెత్తకుండా చెయ్యి ఊపారు.

*

శుక్రవారం సాయంత్రం సన్నగా వాన. శామ్యూల్ రాజ్ అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాడు.

"సుమలతా! ఇటు రా."

సుమా కాదు, సుమలతా. అది అత్తగారి గొంతు కాదు, హాజరు పిలిచే టీచరు గొంతు. సుమలత మిషను ఆపి లేచింది.

లీలావతి గారి ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. "ఇందులో ఆఖరి కాగితం ఏది?"

"పాత పుస్తకం కదండీ అత్తయ్యా... ఊడిపోయి ఉంటుంది."

ఆవిడ కుట్టు దగ్గర చూపుడు వేలితో తడిమారు. "ఊడిపోలేదు. చించిందీ కాదు. చింపితే అంచు గరుగ్గా ఉంటుంది. ఇది బ్లేడుతో కోశారు. ఈ ఇంట్లో ఇంత తిన్నగా కోసే చెయ్యి ఒక్కటే ఉంది."

సుమలత చూపు మిషను వైపు పోయింది.

"ఎందుకు కోశావు? నువ్వు చదవవు, సరే. నేనెప్పుడైనా నిన్నో మాటన్నానా? చదువుకునేవాళ్ళ పుస్తకం కొయ్యడమేమిటి? కొడుకు దాచేసిన ఆ తెడ్డు ఏమైందో, ముసలాడేమయ్యాడో తెలియకుండా నేనిక్కడ కొట్టుకుంటున్నాను. నా మీద కోపమా నీకు?"

ఒక్క క్షణం. నిజం చెప్పెయ్యొచ్చు. కానీ ఆ ముఖంలోకి చూసి చెప్పగలిగితేగా!

"అవునండీ," అంది సుమలత తల వంచుకుని. "కోపమే. పనంతా నేను చేసుకుంటుంటే మీరు పొద్దస్తమానం పుస్తకం పట్టుకుని కూర్చుంటారని. ఒళ్ళు మండి కోసేశాను."

లీలావతి గారు బిత్తరపోయారు. "ఇరవై రెండేళ్ళు..." అన్నారు, వాక్యం పూర్తి చెయ్యలేదు. "మనసులో ఇంత పెట్టుకుని వండి పెట్టావా నాకు?"

"ఆపమ్మా!" శామ్యూల్ రాజ్ గుమ్మంలోంచి అరిచాడు. తల్లి మీద అతను అరవడం అదే మొదలు. "దాన్నెందుకంటావు? కోపమూ లేదు, పాడూ లేదు. అబద్ధం చెప్తోంది. నువ్వా పుస్తకం చదవడం ఇది మూడోసారి!"

"ఏవండీ, వద్దండీ..."

"చెప్పనీ సుమా, ఎన్నాళ్ళు దాస్తాం? అమ్మా, జూన్‌లో చదివావు. జూలైలో చదివావు. రెండు నెలలూ క్లబ్బులో దీని గురించే మాట్లాడావు. ఆ చివరి పేజీ మీద రెండుసార్లు నీ చేత్తో తేదీ వేశావు. అది నీ కంట పడకూడదని ఇది ఆ కాగితం కోసేసింది!"

అనేసిన మాట వెనక్కి తీసుకోలేక శామ్యూల్ రాజ్ అక్కడే గుమ్మంలో కూలబడ్డాడు. లీలావతి గారు పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"నవ్వారా?" అన్నారు చివరికి.

"ఎవరు అత్తయ్యా?"

"క్లబ్బులో వాళ్ళు. రెండోసారి చెప్తున్నప్పుడు."

సుమలత కొంగు అంచు నలుపుకుంటూ నేలని చూసింది.

"నవ్వారన్నమాట," అని ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. పుస్తకం కుర్చీలోనే ఉండిపోయింది.

*

శనివారం ఆవిడ కాఫీ ముట్టలేదు. టిఫిన్ ముట్టలేదు. మధ్యాహ్నం సుమలత అన్నం కలిపి తీసుకెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"రెండు ముద్దలు తినండి అత్తయ్యా."

"ఇంకా ఏమేం మర్చిపోతున్నాను?" లీలావతి గారు కప్పు వైపు చూస్తూ అడిగారు. "దాచకు. వరసగా చెప్పు."

సుమలత కంచం కింద పెట్టింది. చెప్పకపోతే ఊరుకునే మనిషి కాదు. "స్టవ్వు రెండుసార్లు ఆర్పడం మర్చిపోయారు. జూలైలో రైతు బజారుకని వెళ్ళి, ఇల్లెటో తెలియక బస్టాండు దగ్గర నిలబడిపోతే మన పక్కింటి శోభనాద్రి గారు చూసి ఆటోలో తీసుకొచ్చారు. అప్పుడప్పుడు మావయ్య గారి కళ్ళజోడు వెతుకుతారు, ఆయనకి పేపరు చదవడానికి ఇబ్బందవుతుందని."

లీలావతి గారి కంటి చివర్నుంచి నీళ్ళు జారి దిండులోకి ఇంకిపోయాయి. "ఆయన పోయారని తెలుసు నాకు," అన్నారు. "ఇప్పుడు తెలుసు." కాసేపాగి, "మరి నిన్ను?" అన్నారు.

"నన్ను మర్చిపోలేదండీ."

"ఇంకా," అన్నారావిడ.

సుమలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్న అబద్ధమెందుకు చెప్పావే? కోపమనీ, ఒళ్ళు మండిందనీ?"

"మీరు తిడితే నాకు అలవాటేనండీ. ఆ తేదీలు చూసుకుని మీరేమైపోతారో, అది నాకు అలవాటు లేదు."

లీలావతి గారు తల తిప్పి కోడలి ముఖంలోకి చూశారు. కొత్త పాఠం మొదలెట్టేముందు పేజీని చూసినట్టు, తీరిగ్గా చూశారు. "ఆ కాగితం ఉందా, పారేశావా?"

"ఉందండీ. బొత్తాల డబ్బాలో."

"చివర ఏమవుతుంది?"

"తెలియదండీ. నేను చదవలేదు."

"కోసినదానివి, చదవనే లేదా?" నవ్వబోయి మానేశారు. "రేపు మీటింగు కదూ?"

"అవునండీ. కానీ... ఈయన మీ పేరు తీయించేశారు."

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. "మంచి పని చేశాడు," అన్నారు కాసేపటికి, గోడతో. "ఇంక ఆ పుస్తకం కూడా నా కంటికి కనబడనివ్వకు."

కలిపిన అన్నం కంచంలో ఎండిపోయింది.

*

ఆదివారం ఆవిడ చర్చికి కూడా రాలేదు. లీలావతమ్మ గారు లేకుండా ఆ వరస ఖాళీగా ఉండడం చూసి పాస్టరు గారు అడిగారు. శామ్యూల్ రాజ్ జ్వరమని చెప్పాడు. సుమలతకి ఆరాధనలో ఒక్క మాటా తలకెక్కలేదు. ఇంటికి రాగానే ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. భాస్కరరావు గారి నంబరు నొక్కింది. పెద్దవాళ్ళతో పుస్తకాల సంగతి మాట్లాడడం ఆమెకి ఇదే మొదటిసారి.

"వందనాలండీ. నేను లీలావతి గారి కోడల్ని, బందరు నుంచి. సాయంత్రం మా అత్తయ్య గారి పేరు మళ్ళీ పెట్టండి."

"అమ్మా, మొన్న మీ ఆయనే తీసెయ్యమన్నారు కదా. పైగా రూలంటూ ఒకటి ఏడ్చింది. ఒకరికి వదిలేస్తే రేపు అందరూ అడుగుతారు."

"అందరికీ ఆ జబ్బు రాదులెండి," అంది సుమలత. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం. "ఆవిడ మర్చిపోతున్నారండీ. మీరందరూ నవ్వారని తెలిసి రెండ్రోజుల్నుంచీ అన్నం తినలేదు. ఇవాళ పిలవకపోతే ఆవిడ ఇంక ఏ పుస్తకమూ ముట్టుకోరు. నాకు తెలుసు."



"నేను నవ్వలేదమ్మా," అన్నారు భాస్కరరావు గారు. హెడ్ క్లర్కు గొంతు కాదు అది. "నవ్వేవాళ్ళని ఆపనూ లేదు. నిజానికి జూలైలో ఆవిడని ఆపుదామని మ్యూట్ మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. జూన్‌లో ముసలాడి గురించి చెప్పారు. జూలైలో ఆయన కొడుకు గురించి చెప్పారు, ఎంత కోపంగా చెప్పారో! పుస్తకం ఒకటేగానీ నేను విన్నవి రెండు." గొంతు సవరించుకున్నారు. "నాలుగింటికి లింకు పంపుతాను. ఆఖర్న పిలుస్తాను."

*

నాలుగింటికి సుమలత గదిలోకి కుట్టు మిషను స్టూలు తీసుకెళ్ళి, దాని మీద ఫోను నిలబెట్టింది.

"నేను మాట్లాడను," అన్నారు లీలావతి గారు.

"మాట్లాడొద్దండీ. వినండి. ఎవరేం చదివారో."

అడ్డు చెప్పే ఓపిక లేక ఆవిడ లేచి కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. విన్నారో లేదో తెలియదు గానీ, మధ్యలో ఒకసారి కళ్ళజోడు పెట్టుకున్నారు. అయిదింబావుకి భాస్కరరావు గారు, "లీలావతి మేడమ్ గారూ, మీరు చెప్పాలి," అన్నారు.

అప్పుడే శామ్యూల్ రాజ్ గుమ్మంలోకి వచ్చాడు. "సుమా, ఏమిటిది? నేను వద్దన్నాను కదా!"

లీలావతి గారు కొడుకుని చూశారు, కోడల్ని చూశారు. సుమలత కొంగు చాటునుంచి నీలం అట్ట పుస్తకం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"రాజూ, కూర్చో," అన్నారావిడ. అతను కూర్చున్నాడు.

"అందరికీ వందనాలు," అని మొదలుపెట్టారు. గొంతు బలహీనంగా ఉంది, మాట మాత్రం స్పష్టంగానే ఉంది. "ఈ నెల నేను చదివిన పుస్తకం ఇది. దీని గురించి మీకు ఇదివరకు రెండుసార్లు చెప్పానట. మా అబ్బాయి చెప్పాడు. నాకు గుర్తు లేదు. రూలు తప్పినందుకు క్షమించండి. ఇంక ఎన్ని రూల్సు తప్పుతానో నాకే తెలియదు."

ఆవిడ పుస్తకం ఒళ్ళోంచి తీసి ఫోను ముందుకి పట్టుకున్నారు.

"రేవులో పడవ నడిపే ముసలాడు. ఏటి మీద వంతెన వచ్చింది, పడవ ఎక్కేవాళ్ళు లేరు. అయినా పొద్దున్నే లేచి రేవుకి పోతాడు. వంతెన వచ్చిందన్న సంగతి అతనికి గుర్తుండదు. కొడుకు భయపడి తెడ్డు దాచేస్తాడు. ఆ కొడుకుని పోయిన నెల నేను బాగా తిట్టానట, మా సుమ చెప్పింది. తిట్టాల్సింది కాదు. తండ్రి అలా ఎవరూ లేని రేవులో నిలబడి కేకలేస్తుంటే వాడు చూడలేకపోయాడు, అంతే. కన్నకొడుక్కి అది చూడడం కష్టం."

శామ్యూల్ రాజ్ ముఖం తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఈసారి నాకు ఇంకో మనిషి కనబడింది. కోడలు. రెండొందల పేజీల పుస్తకంలో ఆ పిల్ల మాట్లాడేది మూడో నాలుగో మాటలు. ఇంతకుముందు చదివినప్పుడు నేను చూసి ఉండను. ముసలాడు వచ్చేసరికి అన్నం ఉంటుంది. తడిసి వస్తే పొడి పంచె ఉంటుంది. దారి తప్పితే ఎవరో ఒకరు ఇంటికి చేరుస్తారు. ఇవన్నీ ఎవరు చేస్తున్నారో రచయిత ఎక్కడా చెప్పడు. చదివేవాళ్ళే చూసుకోవాలి. నేను ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి చదవడం నేర్పానండీ. మా ఇంట్లో మనిషిని చదవడం ఇరవై రెండేళ్ళకి గానీ నాకు రాలేదు."

సుమలత ఫోను నిలబెట్టిన స్టూలు పట్టుకుని తల వంచేసింది.

"ముగింపు చెప్పకూడదని మన రూలు. అది మాత్రం ఈసారి తప్పను. నా పుస్తకంలో చివరి పేజీ లేదు." ఆవిడ కొంచెం నవ్వారు. "ప్రేమగా తీసేశారెవరో. సెలవు."

నవ్వు బొమ్మలేవీ రాలేదు. తర్వాత ఆత్రేయ భార్య నాగశ్రీ, కళ్ళు ఎర్రబడి, "వచ్చే నెల కూడా చెప్పండి మేడమ్. ఏ పుస్తకమైనా సరే," అంది.

*

ఫోను కట్టేశాక సుమలత బొత్తాల డబ్బా తెచ్చింది. మడత విప్పి కాగితం అత్తగారికి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

"నువ్వు చదువు."

"నాకు సరిగ్గా రాదండీ. తడబడతాను."

"తడబడు. నేను దిద్దుతాలే."

సుమలత కూడబలుక్కుంటూ చదివింది. తెల్లవారుజామున ముసలాడు ఖాళీ రేవులో నిలబడి, "పడవ బయల్దేరుతోంది, రండహో," అని కేకేస్తాడు. కోడలు గట్టు దిగి వస్తుంది. కొంగు కింద దాచి తెచ్చిన తెడ్డు అతని చేతికిస్తుంది. వంతెన వచ్చిందని చెప్పదు. పడవెక్కి కూర్చుని, "ఆవలి గట్టుకి దించు మావయ్యా," అంటుంది.

అక్కడికి అయిపోయింది. ఆఖరి మాట సుమలత గొంతులో సరిగా పలకలేదు. లీలావతి గారు దిద్దలేదు. కోడలి తల మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నారు. గుమ్మం దగ్గర శామ్యూల్ రాజ్ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"రాజూ, డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావు?" అన్నారావిడ.

"రేపే వెళ్దామమ్మా."

సుమలత సూది, తెల్ల దారం తెచ్చి, ఆ కాగితాన్ని పుస్తకానికి కుట్టింది. రవిక కాజాలకి వేసే దగ్గర కుట్టు. లీలావతి గారు ఎర్ర పెన్ను అడిగి, రెండు తేదీల కిందా మూడో తేదీ వేశారు. ఆ తర్వాత కూడా ఏదో రాశారు, చెయ్యి అడ్డం పెట్టుకుని. ఏమిటని సుమలత అడగలేదు.

*

విజయవాడలో డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పాడు. నయం కాదనీ, మెల్లగా పెరుగుతుందనీ చెప్పాడు. మాత్రలు రాశాడు. 

సెప్టెంబరు మూడో వారంలో ఒక పొద్దున్న లీలావతి గారు బీరువా దగ్గర్నుంచి పిలిచారు.

"సుమా, ఈ నీలం అట్ట పుస్తకం ఎప్పుడొచ్చింది మనింట్లోకి? కొత్తగా ఉందే."

మాత్రలు వేస్తూనే ఉన్నారు. మీటింగై మూడు వారాలు కూడా కాలేదు.

"బాగుంటుందా?" అన్నారావిడ, పుస్తకం అటూ ఇటూ తిప్పుతూ.

"బాగుంటుందండీ. పడవవాడి కథ."

"నీకెలా తెలుసు? నువ్వు చదివావా ఏంటి?"

"చివరి పేజీ ఒకటి చదివాను."

"అదేం చదవడమే!" అని నవ్వి, పుస్తకం కుర్చీలో పెట్టి కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళారు. సుమలత చప్పున పుస్తకం తీసి చివరి పేజీ తిప్పింది. మూడు తేదీల కింద, వంకర్లు పోయిన ఎర్ర అక్షరాలు.

'లీలావతీ, కంగారు పడకు. ఈ పుస్తకం నువ్వు చదివావు. బాగుంది. మళ్ళీ చదువుకో. భయం వేస్తే సుమలతని పిలువు. పేరు గుర్తు రాకపోతే, మిషను చప్పుడు వినబడే వైపు వెళ్ళు.'

సుమలత పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేసి, మిషను దగ్గరికి వెళ్ళి, కుట్టాల్సిన గుడ్డ ఏమీ లేకపోయినా పెడల్ తొక్కుతూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. తుడుచుకుంటోంది, తొక్కుతోంది.

పావుగంట గడిచిందేమో. వరండాలోంచి నవ్వు వినబడింది.

"అమ్మాయ్!" అని పిలిచారు లీలావతి గారు. పేరు కోసం ఒక్క క్షణం వెతుక్కున్నారు, దొరకలేదు. "అమ్మాయ్, మిషను ఆపి ఓసారి ఇలా రా. ఈ ముసలాడు ఏం చేశాడో చూడు!"

సుమలత మిషను ఆపింది. వరండాలోకి వెళ్ళి, ఆవిడ కాళ్ళ దగ్గర తీరిగ్గా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏం చేశాడండీ అత్తయ్యా?" అంది.